పొట్టేలుకు బహువచనం

"ఏ ఫ్రేమ్‌వర్క్ మంచిది?" అని నన్నెవరైనా అడిగితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అడిగేవాళ్లలో చాలామందికి జవాబు ముందే తెలిసి ఉంటుంది. పెద్ద ఊళ్లలో ఏది వాడుతున్నారో అదే మంచిదని వాళ్ల నమ్మకం. నేను మాత్రం తిరిగి అడుగుతాను. ఏం కట్టడానికి? ఎవరి కోసం? కట్టినాక దాన్ని చూసుకునేదెవరు? ఈ ప్రశ్నలు నాకు కాలేజీలో ఎవరూ నేర్పలేదు. ప్రొద్దుటూరులో బట్టల కొట్టు మీది మా ఆఫీసులో కొన్ని, పులివెందులలో గొర్రెల పెంపకందారుల సంఘం వాళ్ల రేకుల షెడ్డులో కొన్ని, మాటలు పడి, మాటలు అని నేర్చుకున్నాను.

మాది వేముల పక్కన చిన్న పల్లె. మా నాయన జీవాలు కాసేవాడు. చీనీ చెట్లు, అదే బత్తాయి తోట, పెట్టినాక కూడా జీవాలను వదల్లేదు. మా వైపు జీవాలంటే గొర్రెలు, మేకలు అన్నీ కలిపి. నేను జమ్మలమడుగులో మేనత్త ఇంట్లో ఉండి చదువుకున్నాను. చదువయ్యాక కూడా అక్కడే ఉండిపోయి రోజూ ప్రొద్దుటూరుకు బస్సులో పనికి పోయేదాన్ని. కంప్యూటర్లు చదివిన పిల్ల అని అత్త వీధంతా గొప్పగా చెప్పుకునేది. ఆఫీసులో నేను చేసేది మాత్రం టైపు పని. చీరల ఫోటోలు ఎక్కించు, కల్యాణమండపం సైట్లో ఫోన్ నంబరు మార్చు, బడి సైట్లో ర్యాంకులు వచ్చిన పిల్లల పేర్లు కొట్టు. ఆ సైట్లన్నీ పీహెచ్‌పీ అనే భాషలో రాసినవి. వాటి లోపల ఏముందో నాకు తెలుసు. ఎక్కడ బాగుచేయాలో కూడా తెలుసు. అయినా నన్ను లోపలికి పోనిచ్చేవాళ్లు కాదు. కోపం వచ్చేది. ఆ కోపాన్ని బస్సులో కిటికీ పక్కన కూర్చుని నమిలి మింగేదాన్ని.

మా ఆఫీసు యజమాని కువైట్‌లో చాలాకాలం పనిచేసి తిరిగొచ్చి ఈ కంప్యూటర్ల ఆఫీసు పెట్టినాయన. ఆయన అబ్బా అని పిలిచే వాళ్ల నాన్న ప్రొద్దుటూరులో రేకు డబ్బాలు, ట్రంకుపెట్టెలు చేసేవాడు. నేను ఆయన్ను అన్నా అనేదాన్ని. ఆయన నన్ను పాపా అని పిలిచేవాడు. మంచి మనిషే. కాకపోతే ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల వైపు ఒరిగే గుణం.

ఒకరోజు పొద్దున ఆయనే నా కుర్చీ దగ్గరికి వచ్చాడు.

"పాపా, పులివెందుల గొర్రెల సంఘమోళ్లు యాప్ చేయించుకుంటాండారు. ఏ మందకు ఏ సూది ఎప్పుడు ఏసినారో అందులో ఉండాలంట. మళ్ల ఎప్పుడు ఏయించాల్నో ఫోనుకు మెసేజి పోవాలంట."

ఆ అవసరం నాకు ఒకరు చెప్పాల్సింది కాదు. మేత కోసం మందలు ఊళ్లు దాటి పోతాయి. ఎక్కడ ఏ డాక్టరు ఏ టీకా వేశాడో తిరిగొచ్చేసరికి ఎవరికీ గుర్తుండదు. చిటుకు రోగం వస్తే పొద్దున లేచిన గొర్రె సాయంత్రానికి ఉండదు. మా నాయన చచ్చిన గొర్రె పక్కన తల పట్టుకుని కూర్చోవడం నేను చూశాను.

"మంచిదే కదన్నా, మనం చేద్దాం" అన్నాను.

"యాడ చేస్తాం? విజయవాడ సైడు కంపెనీ ఒగటి ముందే దూరింది. వాళ్లకాడ పాల డెయిరీలకు చేసిన రెడీమేడ్‌ది ఉండాది. దాన్నే గొర్రెలకు మారుస్తారంట."

"మరి మనకేం మిగులుతాది?"

"ఎక్కించే పని. ఊరూరి మందల వివరాలు ఈడ కూచోని టైపు కొట్టియ్యాల. అది నువ్వు చేస్తువులే."

నేను మౌస్ పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. జీవాల మధ్య పుట్టి, కంప్యూటర్లు చదివి, జీవాల కోసం ఎవరో చేసిన పెట్టెలో అంకెలు కొట్టాలా? అంతకంటే ఊరికి పోయి గొర్రెలు కాసుకోవడం నయం. ఆ మాటే ఆయనతో అన్నాను.

ఆయన నవ్వలేదు. "సరే. ఏ ఫ్రేమ్‌వర్క్‌లో చేస్తావో పోల్చి చూసుకో. శాంపుల్ ఒగటి చెయ్యి. సంఘమోళ్ల ముందర నువ్వే నిలబడి చెప్పు. వాళ్లు ఒప్పుకుంటే కట్టేది నువ్వు. ఒప్పుకోకుంటే టైపు కొట్టేది నువ్వు. మళ్ల మొగం మాడ్చుకోగూడదు" అన్నాడు.

ఒప్పుకున్నాను.

ఫ్రేమ్‌వర్క్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఎవరు ఏ అప్లికేషన్ కట్టినా లాగిన్ కావాలి, ఫారాలు కావాలి, డేటాబేసులో రాయడం, చదవడం కావాలి. అందరికీ పదేపదే కావలసిన వాటిని ముందే కట్టి పెట్టిన చట్రం అది. గోడలు మనం లేపుకోవాలి. పీహెచ్‌పీలో అలాంటి చట్రాలు చాలా ఉన్నాయి. ఇంటర్నెట్‌లో వాటిని పోల్చిన వ్యాసాలకు లెక్కే లేదు. ఏది ఎంత వేగం, దేనికి ఎందరు అభిమానులు అని గీతలు గీసి చూపిస్తారు. నాకవి ఒక్కటీ పనికిరాలేదు. ఒకే మందను నాలుగు దొడ్లలో తోలి చూద్దామనుకున్నాను. ఒక మంద, అందులో జీవాలు, వాటికి వేసిన సూదులు. ఇంత చిన్న ముక్కనే నాలుగింటిలోనూ కట్టాను.

కోడ్‌ఇగ్నైటర్ నాకు ముందే చేతికి అలవాటైంది. మా ఆఫీసులో సైట్లన్నీ అందులోనే ఉన్నాయి. చిన్నది, తేలికైనది. వివరాలు దాచే టేబులుకు ఏ పేరు పెట్టుకున్నా ఎందుకని అడగదు. కానీ మెసేజీలు పంపడం, ఎవరు ఏది చూడవచ్చో ఏది చూడకూడదో కట్టుదిట్టం చేయడం వంటివి వేరేగా తెచ్చి తగిలించుకోవాలి, లేకుంటే నేనే రాసుకోవాలి. సింఫనీ గట్టి పునాది ఉన్నది. అందులో ఏ భాగానికి ఆ భాగం విడిగా ఉంటుంది, ప్రతిదానికీ ఏం చేయమంటావని నన్నే అడుగుతుంది. పదిమంది కూర్చుని చేసే ఆఫీసుకు అది బంగారం. నేను ఒక్కదాన్ని. యీ అనేదొకటి ఉంది. టేబులు చూపిస్తే ఫారాలన్నీ తనే రాసి ఇచ్చేస్తుంది. అది చూసి ముచ్చటపడ్డాను గానీ, చిక్కు వస్తే ఫోన్ చేసి అడగడానికి మా వైపు అది తెలిసిన మనిషి ఒక్కరు కూడా దొరకలేదు. లారావెల్‌లో నాకు కావలసినవి దాదాపు అన్నీ ముందే ఉన్నాయి. తప్పు వస్తే చూపించే సందేశాలను కూడా తెలుగులో రాసుకునే వీలుంది. దాని పత్రాలు చదువుతుంటే పక్కన కూర్చున్న మనిషి చెప్తున్నట్టే ఉంటుంది.

లారావెల్‌లో పనులు చేయించడానికి నల్ల తెర మీద ఆదేశాలు కొడతాం. ప్రతి ఆదేశం ముందు ఆర్టిజన్ అనే మాట ఉండాలి. అది చూసి మా యజమాని ఆగిపోయాడు.

"ఆర్టిజన్ అంటే కారీగరే కదా పాపా, చేతిపనోడు?"

"ఔనన్నా."

"మా అబ్బా చేసిన పనిరా ఇది" అని తెరను వేలితో తాకాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి మనిషికీ నా తెర చూపించి, మా అబ్బా పని పేరు పెట్టినారు చూడండని చెప్పేవాడు. ఆయన ఆ ఫ్రేమ్‌వర్క్ వైపు అట్లా మొగ్గాడు. వేగం గీతలు ఏవీ చేయలేని పని అది.

తగాదా మొదలైంది మాత్రం పేర్ల దగ్గర. లారావెల్‌కు ఒక అలవాటుంది. గోట్ అని ఒక వస్తువుకు పేరు పెడితే, వాటి వివరాలు గోట్స్ అనే టేబులులో ఉంటాయని తనే అనుకుంటుంది. ఏకవచనం ఇస్తే బహువచనం అదే చేసుకుంటుంది. నేను గొర్రె అని పెట్టాను. నడిపితే తెర మీద ఎర్రగా వచ్చింది, గొర్రెస్ అనే టేబులు లేదని. మేక అని పెడితే మేకాస్, మంద అని పెడితే మందాస్. మొదట పడీపడీ నవ్వాను. తర్వాత నవ్వు పోయి కోపం వచ్చింది.

"టేబులు పేరు ఇది అని ఒక లైను రాస్తే పాయె కదా. లేకుంటే అందరి మాదిరి ఇంగ్లీషులోనే పెట్టు" అన్నాడు యజమాని.

నిజమే. ఒక్క లైను. కానీ ఆ లైను ప్రతి ఫైలులోనూ రాయాలి. రాసిన ప్రతిసారీ నేనేదో తప్పు చేసినట్టు, క్షమించు తల్లీ ఇది ఇంగ్లీషు కాదు అని దండం పెట్టినట్టు అనిపించింది. నాకు దండం పెట్టబుద్ధి కాలేదు. అసలు ఈ బహువచనాలు ఎక్కడ పుడుతున్నాయో చూద్దామని దాని లోపలికి పోయాను.

లోపల ఉన్నది చూస్తే ఇంకా మండింది. వేరే భాషల బహువచనాలు కూడా అందులో పెట్టుకోవచ్చు. ఫ్రెంచి ఉంది, స్పానిష్ ఉంది, టర్కీ వాళ్ల భాష ఉంది, నార్వే వాళ్ల భాష కూడా ఉంది. తెలుగు లేదు. ఇంగ్లీషు నియమాలు చదువుతూ పోతే ఒకచోట నియమానికి లొంగని మాటలన్నీ పేర్చి ఉన్నాయి. అందులో షీప్ ఉంది. ఇంగ్లీషులో షీప్‌కు ఎస్ చేరదు. ఒకటైనా షీప్, మందైనా షీప్. అంటే వాళ్ల గొర్రె కూడా వాళ్ల నియమానికి లొంగలేదు. ఎవరో ఒక మనిషి కూర్చుని, ఇది వేరు అని చేత్తో రాసి పెట్టాడు. వాళ్ల గొర్రెకు దక్కిన మర్యాద మా గొర్రెకు దక్కకపోవడానికి కారణం ఒక్కటే. మా వైపు మనిషి ఎవరూ అక్కడ కూర్చోలేదు.

నేను కూర్చున్నాను. తెలుగు బహువచనానికి ఒక చిన్న ముక్క రాశాను. మాట చివర లు చేర్చు, అంతే. గొర్రె గొర్రెలు, మేక మేకలు, మంద మందలు, పిల్ల పిల్లలు, టీకా టీకాలు. అన్నీ నోట్లో పోసుకున్నట్టు వచ్చాయి. టేబుళ్లకు ఆ పేర్లే, తెర మీద శీర్షికలకు ఆ పేర్లే. కొత్త రకం ఏదైనా చేర్చితే దాని శీర్షిక దానికదే పుట్టేట్టు చేశాను. ఆ సాయంత్రం జమ్మలమడుగు బస్సులో సీటు దొరక్కపోయినా నాకు పట్టలేదు. కడ్డీ పట్టుకుని నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

సంఘం వాళ్లు రమ్మన్న రోజున మా యజమాని, నేను ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయాం. రేకుల షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మగవాళ్లు, ఆడవాళ్లు కలిసి చాలామందే వచ్చారు. ముందు వరుసలో సంఘం పెద్ద కూర్చున్నాడు. పెద్ద మంద ఉన్న మనిషి, మాట కరుకు. మా పల్లె అలవాటున నేను ఆయన్ను మామా అన్నాను. విజయవాడ వైపు కంపెనీ మనిషి మాకంటే ముందే వచ్చి ప్రొజెక్టరుకు తన లాప్‌టాప్ తగిలించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట, అందరికీ అండీ. అతన్ని చూస్తే ద్వేషించడానికి ఏమీ దొరకలేదు. అది నాకు ఇంకా కష్టమనిపించింది.

మొదట అతను చెప్పాడు. రంగురంగుల పటాలు, మ్యాపులు, అన్నీ ఇంగ్లీషులో. చివర్లో, "మాది లారావెల్‌లో చేశామండీ. ప్రస్తుతం అందరూ వాడేది అదే" అన్నాడు.

నాలుగు ఫ్రేమ్‌వర్కులను పోల్చి, లారావెల్ ఎందుకు మేలో చెప్పడానికి నేను తయారై వచ్చాను. ఆ ప్రసంగమంతా ఇప్పుడు అతనికే మద్దతు. మా యజమాని నా వైపు చూసి కళ్లు దించుకున్నాడు.

నేను లేచాను. ప్రసంగాన్ని అక్కడే వదిలేశాను.

"సార్‌ది, నాది ఒకటే చట్రం. దాంట్లో తేడా ఏం లేదు. లోపల ఎవురి మాటలు ఉండాయో చూడండి" అని నా తెరను గోడ మీద పెట్టాను.

గొర్రెలు, మేకలు, పిల్లలు, మందలు, టీకాలు. పెద్ద అక్షరాల్లో తెలుగు కనిపించేసరికి వెనక వరుసల వాళ్లు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. నాకు ధైర్యం వచ్చింది. అప్పుడు సంఘం పెద్ద చెయ్యి లేపాడు.

"పొట్టేలు యాడుండాదిమ్మా? గొర్రెల్లో కలిపేసినావా? పొట్టేలు వేరే పెట్టల్ల. సంతకు తోలేది వాటినే కదా."

"ఇప్పుడే పెడతా సూడు మామా" అన్నాను. అడిగిన క్షణంలో చేసి చూపించడం కంటే గొప్ప ఏముంటుంది? కొత్త రకం అనే చోట పొట్టేలు అని కొట్టి బటన్ నొక్కాను. గోడ మీద ఇంత పెద్దగా శీర్షిక వచ్చింది.

పొట్టేలులు.

ఎవరో కూడబలుక్కుని చదివారు, "పొట్టే... లు... లు." షెడ్డు రేకులు అదిరేట్టు నవ్వారు. నాకు ముఖమంతా వేడెక్కింది. పుట్టినప్పటి నుంచి పొట్టేళ్లు అంటున్నదాన్ని. పొట్టేలు చివర ముందే ఒక లు ఉందని, అది ఒక్కటే అయినా లు ఉంటుందని, నాకు తట్టలేదు.

ఈలోగా పక్క వరుసలో ఒకామె, "టీకాలు గీకాలు మాకు తెలీదు గానీ, సూది అని రాయి మే. అందరమూ అదే అంటాం" అంది. నవ్వు ఆపడానికి వేరే దారి లేక గబగబా సూది అని కొట్టాను. గోడ మీద సూదిలు అని వచ్చింది.

ఈసారి నవ్వు ఇంకా పెద్దది. సంఘం పెద్ద తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. మా యజమాని నుదురు మీద చెయ్యి పెట్టుకున్నాడు. కొట్టబోయే టైపు అంతా నా కళ్ల ముందు కనిపించింది. ఊళ్ల పేర్లు, మందల సంఖ్యలు, ఇంగ్లీషు డబ్బాల్లో ఒకదాని కింద ఒకటి.

కంపెనీ మనిషి నవ్వలేదు. మెత్తగానే అన్నాడు.

"పాపం, అమ్మాయి కష్టపడింది. తప్పు పట్టడం లేదండీ. కానీ మేము ఇంగ్లీషు వాడేది ఇందుకే. ఈ ఫ్రేమ్‌వర్కులు ఇంగ్లీషు కోసం తయారైనవి. మన భాష వాటిలో ఇమడదండీ."

అతను పాపం అనే మాటతో ఆపి ఉంటే నేను కూర్చునేదాన్నేమో. ఇమడదు అనే మాట నాకు గుచ్చుకుంది. నవ్వులకు వచ్చిన సిగ్గంతా ఎక్కడికి పోయిందో పోయింది.

"ఇమడకపోవడం కాదు సార్. దానికి ఎవురూ చెప్పలే. ఇప్పుడు నేను చెప్తా" అన్నాను.

తెర మీద యాప్ తీసేసి కోడ్ తెరిచాను. అందరి ముందరా, గోడ మీద. ఇదేందని కొందరు గొణిగారు. ఇది లోపలి పని, మీరు చూడాల్సిందే అన్నాను. నియమానికి లొంగని మాటల కోసం ఒక చోటు చేశాను. అందులో మొదటి మాట పొట్టేలు, దాని పక్కన పొట్టేళ్లు. రెండోది సూది, సూదులు. నడిపాను. గోడ మీద పొట్టేళ్లు, సూదులు అని సక్రమంగా వచ్చాయి.

"ఇంకా ఏమేం తప్పు వస్తాయో మీరే చెప్పండి. ఈ పొద్దే రాసేస్తా."

మొదట మొహమాటపడ్డారు. తర్వాత ఒకాయన, "గొడ్డు" అన్నాడు. గొడ్లు అని రాశాను. "ఇల్లు." ఇండ్లు. "ఊరు." ఊర్లు. ఎవరో నన్ను పరీక్షించాలని, "కుందేలు" అని అరిచారు. కుందేలుకు సూది ఏయిస్తావా నువ్వు అని ఇంకెవరో తగులుకున్నారు. అయినా రాశాను, కుందేళ్లు. దొడ్డి దగ్గర పెద్ద గొడవే అయింది. దొడ్లు అని ఒకరు, దొడ్డులు అని ఒకరు. లింగాల వైపు ఒక రకంగా అంటారు, ముద్దనూరు వైపు ఇంకో రకంగా అంటారు అని వాదులాడుకున్నారు. చివరికి దొడ్లు గెలిచింది. నన్ను చూసి నవ్విన షెడ్డే ఇప్పుడు నాతో కలిసి కోడ్ రాస్తోంది. ఆ సంతోషం ఎంతని చెప్పను.

"ఇంగ్లీషుకు కూడా ఇట్లనే రాసినారు సార్" అన్నాను కంపెనీ మనిషితో. "షీప్‌కు ఎస్ రాదు కదా. ఆ మాటను కూడా ఎవురో ఒకరు కూచోని చేత్తో రాసిందే. మీ లారావెల్ తెరిచి సూడండి, ఉంటాది. వాళ్ల గొర్రె కోసం వాళ్లు రాసుకున్నారు. మన పొట్టేలు కోసం మనం రాసుకుంటే ఏంది తప్పు?"

అతను తల ఊపాడు. తెలివైన మనిషి, ఒప్పుకోవలసింది ఒప్పుకున్నాడు. కానీ వదల్లేదు.

"బాగుందండీ. ఒక్కటి ఆలోచించండి. రేపు ఈ అమ్మాయికి పెళ్లయి వెళ్లిపోతే, గొర్రె, దొడ్డి, సూది అని రాసిన ఈ కోడ్‌ను తర్వాత వచ్చే డెవలపర్ ఎలా చదువుతాడు? ఇంగ్లీషులో ఉంటే ఎవరైనా చదవగలరు."

ఇది గట్టి ప్రశ్నే. కుర్చీల్లో కదలిక వచ్చింది. ఒకరిద్దరు ఔను కదా అన్నారు. మా యజమాని కూడా ఒరగబోతున్నట్టు కనిపించాడు. నేను ఆయన వైపు కోపంగా చూశాను.

"పెండ్లయితే చేతులు తీసి పుట్టింట్లో పెట్టి పోతారా సార్? యాడుంటే ఆడినుంచి చేస్తా. సరే, నేను చెయ్యకుండా పోతా అనుకుందాం. తర్వాత వచ్చేవాడు నేర్చుకుంటాడు. నేను నేర్చుకోలే? మా ఇంట్లో ఎవురికీ ఇంగ్లీషు రాదు. మౌస్ అంటే ఎలకంట, దానికి బహువచనం మైస్ అంట, షీప్‌కేమో ఏం లేదంట, ఇవన్నీ ఈ వేములపిల్ల నేర్చుకోలే? నేను వాళ్ల మాటలు అన్ని నేర్చుకొని పనికి వస్తే, మా గొర్రెల పని చేసేదానికి వచ్చేవాడు మా మాటలు నాలుగు నేర్చుకోలేడా? నేర్చుకోలేనోడు మా జీవాల జోలికే రావద్దు."

చివరి మాటకు నా గొంతు అనుకున్నదానికంటే పైకి పోయింది. బహుశా అరిచాను. అరిచినందుకు ఈరోజుకీ నాకు చింత లేదు. చిన్నప్పటి నుంచి మా యాసకు అందరూ నవ్వుతుంటే, మెల్లగా, మంచిగా, వాళ్ల మాదిరి మాట్లాడాలని నేర్చుకున్నదాన్ని. ఆ రోజు ఆ నేర్చుకున్నది నాకు అక్కర్లేకపోయింది.

సంఘం పెద్ద ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగాడు.

"రేపు యాడో మేత కాడ ఉండాం. ఫోను చూస్తే ఏందో తప్పు సూపిస్తాది. ఎవురికి చెప్పల్ల?"

"మాకు సపోర్ట్ టీమ్ ఉందండీ. మీరు ఫిర్యాదు నమోదు చేస్తే వాళ్లు పరిశీలించి జవాబిస్తారు" అన్నాడు కంపెనీ మనిషి.

"నాకు చెప్పు మామా. నా నంబరు రాసుకో. తిట్టేదుంటే అది కూడా నాకే తిట్టు" అన్నాను.

ఆయన పక్కనున్న వాళ్లతో గుసగుసలాడాడు. సూది అని రాయించిన ఆమె కూడా లేచి పోయి ఆ గుంపులో తల దూర్చింది. నేను నిలబడే ఉన్నాను. మా యజమాని కూర్చోమని సైగ చేశాడు. కూర్చోలేదు. కట్టేదాన్నా, కొట్టేదాన్నా అనేది ఆ గుంపులో తేలుతోంది. దానికి నేను చేయగలిగింది ఇంకేమీ లేదు.

సంఘం పెద్ద తిరిగొచ్చి నా వైపు చూడకుండా నేరుగా కంపెనీ మనిషి ముందర కూర్చున్నాడు. తువ్వాలు భుజం మీద సర్దుకున్నాడు. గొంతులో ఎగతాళి ఏమీ లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"సార్, ఇది ఈ పాప కడతాది. అది ఐపోయింది. ఇంగ ఊరూరి మందల వివరాలన్నీ దాంట్లోకి ఎక్కించే పని శానా ఉంటాది. పాప కట్టేదాంట్లో ఉంటే ఆ పనికి మనిషి దొరకడం కష్టం. మీ కంపెనీలో టైపు కొట్టేవాళ్లు ఎవరన్నా ఉండారా?"

మా యజమాని దగ్గు వచ్చినట్టు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఇలాంటి చోట నవ్వకూడదని నాకు తెలుసు. నవ్వలేదు. కంపెనీ మనిషి కళ్లలోకే చూసి చెప్పాను.

"తెలుగు టైపు వచ్చినోళ్లే కావాల సార్."